తెల్లగా లేదన్న తెలుపు

ఈ దేశం వచ్చిన కొత్తలో సూపర్‌వైజర్ వైట్ పెయింట్ పట్టుకురమ్మంటే, కంటికి తెల్లగా కనబడిన మొదటి డబ్బా ఎత్తుకెళ్లాను. తెల్లనివన్నీ పాలనుకునే రోజులవి. ఆయన మూత తీసి చూసి, తల అడ్డంగా ఊపి, వెనక్కి పంపాడు. నేను తీసుకెళ్లినదాంట్లో కాస్త పసుపు కలిసి ఉందట. ఆయనకి కావలసింది బ్రైట్ వైట్.

ఆరేళ్లుగా ఇళ్ల లోపల రంగులు వేస్తున్నాను. ఇప్పటికీ నాకు టెన్షన్ పెట్టేది ఆ ఒక్క రంగే. తెల్ల సీలింగ్ మీద మళ్లీ తెలుపు వేస్తుంటే రోలర్ ఎక్కడిదాకా వెళ్లిందో తెలియదు. మెడ పట్టేస్తుంది, కళ్లు జిగేల్‌మంటాయి. ఒక లైటు కింద పెట్టి ఏటవాలుగా వెలుతురు కొట్టించి, తడి మెరుపుని బట్టి ముందుకెళ్లాలి. ముదురు గోడ మీద వేస్తే రెండు కోటింగులకి కూడా కింది రంగు తొంగిచూస్తుంది. చుక్క నల్లరంగు కలిపితే బాగానే కప్పేస్తుంది, కానీ అప్పుడది బ్రైట్ వైట్ కాదు.

ఆ తెలుపంతా టైటానియం డయాక్సైడ్ అనే పొడి పుణ్యం. వెలుతురుని మింగకుండా చెదరగొట్టి వెనక్కి పంపేస్తుంది. పూర్వం సీసంతో చేసిన తెలుపు వాడేవారు, పెయింటర్లు ఆ విషంతో జబ్బుపడేవారు. ఇళ్ల లోపల దాన్ని వాడొద్దంటూ 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒప్పందమే చేసింది. అందుకే బాగా పాత ఇంట్లో పాత రంగుని పొడిగా రుద్దమంటే, ఆ దుమ్ములో సీసం ఉండొచ్చని నేను ఒప్పుకోను, ఎవరు ముఖం మాడ్చుకున్నా సరే.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది మాత్రం ఒక చీకటి గది. ఎండ రాదు, కిటికీ చిన్నది. తెల్లగా వేస్తే వెలుగొస్తుందని యజమాని నమ్మకం. రెండు కోటింగులు వేశాక చూసి, "ఇది బూడిద రంగు, నీళ్లు కలిపావు" అన్నాడు. మనసులో జవాబుంది, నోట్లో వాళ్ల భాష లేదు. తెలుపు సొంతంగా వెలగదు, పడ్డ వెలుతురునే తిరిగిస్తుంది, పడేదే తక్కువైతే మూలలన్నీ మసకబారినట్టే ఉంటాయి. ఇంత సంగతి చేతి సైగలతో ఎలా చెప్పను?

అదే డబ్బాలోంచి ఒక అట్టముక్కకి రంగు పూసి, ఆరాక ఆయన్ని బాల్కనీలోకి తీసుకెళ్లాను. ఎండలో అది మెరిసిపోయింది. దాన్నే తెచ్చి గదిలో గోడకి ఆనిస్తే గోడలో కలిసిపోయింది. ఆయన రెండుసార్లు లోపలికీ బయటికీ తిరిగి, చివరికి కాస్త వెచ్చగా కనిపించే తెలుపు ఎంచుకున్నాడు. సీలింగ్‌ని అలాగే ఉంచేశాం, అక్కడ బాగానే ఉంది. చల్లటి తెల్ల బల్బు తీసేసి కాస్త పసుపుగా వెచ్చటి వెలుతురిచ్చే 2700 కెల్విన్ బల్బు పెట్టాక గది కాస్త మనుషులుండేలా అనిపించింది.

గోడలకి మళ్లీ రంగు వేసిన ఆ రెండు రోజుల పనికి నాకు కూలీ రాలేదు. ఆ అట్టముక్క మాత్రం బ్రష్‌లతోపాటే ఉంటుంది. ఇప్పుడు డబ్బా తెరవకముందే తీసి చూపిస్తాను.