ఆరు గంటలు కాదు, పదహారు

అంబాజీపేట నుంచి డల్లాస్ ఎంతసేపు? అమ్మాయి టికెట్లు పంపిన రోజున నేను చెప్పిన లెక్క తప్పు. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినవాణ్ణి. దుబాయ్‌లో రాత్రి 2:40కి బయల్దేరి డల్లాస్‌లో ఉదయం 8:40కి దిగుతామని టికెట్‌లో ఉంటే, "ఆరు గంటలేనే" అనేశాను మా ఆవిడతో.

ఆవిడకి షుగరు. ఆ ఆరు గంటలకి తగ్గట్టే రెండు చపాతీలూ ఓ మాత్రా సరిపోతాయనుకుంది. ఫోన్‌లో అమ్మాయి ఒకటే నవ్వు. "నాన్నా, టికెట్‌లో ఏ ఊరి టైము ఆ ఊరిదే!"

కాగితం తీసుకుని కూర్చున్నాను. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. జనవరిలో డల్లాస్ పదకొండున్నర గంటలు వెనక. అంటే ఆ రెండూళ్లకీ మధ్య పది గంటల తేడా. ఆరుకి పది కలిపితే పదహారు. హైదరాబాద్‌లో రాత్రి 9:20కి ఎక్కి 11:40కి దుబాయ్‌లో దిగడమూ అంతే, కూర్చునేది మూడు గంటల యాభై నిమిషాలు. మధ్యలో మూడు గంటల పడిగాపులు. మొత్తం ఇరవై మూడు గంటలకి పది నిమిషాలు తక్కువ. ఆ కాగితం చూపిస్తే డాక్టరు గారు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మన టైములోనే రాసిచ్చారు. డల్లాస్‌లో దిగేదాకా ఆవిడ వాచీ ముల్లు తిప్పలేదు.

దూరం మాత్రం నాకు నేనే కొలుచుకోవాలనిపించింది. అటక మీది పాత గ్లోబు దింపాను. భూమధ్యరేఖ చుట్టూ దారం చుడితే 94 సెంటీమీటర్లు వచ్చింది. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కాబట్టి సెంటీమీటరుకి 425. దుబాయ్ నుంచి డల్లాస్‌కి దారం బిగించి లాగితే అది ఈజిప్టు, అట్లాంటిక్‌ల మీదుగా పోలేదు. పైకి జరిగి ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ పక్కకి చేరింది! పొడవు 30 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే సుమారు 12,900 కిలోమీటర్లు. అడ్డంగా చుడితే ఇంకో నాలుగు సెంటీమీటర్లు ఎక్కువే పట్టింది. ఇన్నేళ్లూ గోడ మీది పటంలో స్కేలు పెట్టి పిల్లల చేత గీతలు గీయించానే అని కాస్త సిగ్గేసింది.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని, మర్నాడు ఆత్రేయపురం పూతరేకులతో రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయానికి బయల్దేరాం. విమానంలో ఎదురుగా ఉన్న తెర మీద గ్రీన్‌లాండ్ కనబడగానే ఆవిణ్ణి లేపాను. "మీ దారం వచ్చిందా?" అని మళ్లీ పడుకుంది.

ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణం. మార్చిలో అమెరికావాళ్లు గడియారం గంట ముందుకి జరుపుకున్నారు, కాబట్టి తేడాలన్నీ మళ్లీ లెక్కవేశాను. డల్లాస్ నుంచి దుబాయ్‌కి ఈసారి పద్నాలుగున్నర గంటలే. అంత ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వాలు. గోదావరి లంకలో పుట్టిన మా ఆవిడకి ఇది చెప్పనక్కర్లేకపోయింది. "తెరచాప పడవే కదండీ" అంది.

మధురపూడికి కారు తెచ్చిన కుర్రాడికి మాత్రం నమ్మకం కుదరలేదు. "ఆయ్, అడ్డదారేమైనా ఉందేటండి మాస్టారూ?" గాలి సంగతి విడమరిచి చెబుతూనే ఉన్నాను, జొన్నాడ వంతెన దాటి రావులపాలెంలో అరటిగెలల లారీల వెనక ఆగిపోయాం. అక్కడే ముప్పావుగంట.