సబ్బు నురగ, సేటుకు పడ్డ మాట

మా అత్తమ్మ పొద్దున దుకాణంలో సేటును నలుగురి ముందు "దొంగ మాల్ అమ్ముతున్నవ్" అని వచ్చింది. అందరూ పడుకున్నారు, నాకు మాత్రం ఆ మాట మనసులోంచి పోవడం లేదు.

కొత్త సబ్బు వచ్చినప్పటి నుంచి నురగ లేదు, బకెట్ అంచుకు తెల్లటి జిడ్డు పడుతోంది, కాబట్టి సబ్బు నకిలీది. ఇదీ ఆమె లెక్క. వినడానికి బాగానే ఉంది. కానీ అదే వారంలో పైపు పగిలి నల్లా బందైంది. ధర్మసాగర్ చెరువు నుంచి వచ్చే నీళ్లు రావట్లేదు, ట్యాంకు నిండా బోరు నీళ్లే. రెండూ ఒకేసారి మారితే తప్పు సబ్బుదేనని ఎట్లా తేలుస్తాం? బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిస్తే తెల్లటి తెట్టు కడుతుంది. వాటి పని అయిపోయాకే నురగ. ఇది చెప్పబోతే మా ఆయన "చిన్న విషయం, వదిలెయ్" అన్నాడు. ఒక మనిషిని దొంగ అనడం చిన్న విషయం ఎట్లా అవుతుంది? పైగా మా మరిది ఫోన్ తెచ్చి, టూత్‌పేస్ట్ ట్యూబ్ కింద నల్ల గీత ఉంటే అంతా కెమికలేనట, చూడండి వదినా అని మొదలుపెట్టాడు. ఆ గీత ట్యూబును ఎక్కడ కోసి అతికించాలో మెషీన్ సెన్సర్‌కు గుర్తు, అంతే. ఏ రంగుదైనా లోపలి పేస్టుకూ దానికీ సంబంధం లేదు. విన్నాడా? లేదు.

మా నానమ్మ అయితే ఇట్లా తేల్చేది కాదు. పరకాల దగ్గర మా ఊళ్లో ఒకసారి కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉండిపోయింది. పెద్దమ్మ పప్పు అమ్మినాయన్ను తిట్టింది, ముక్కిపోయిన పాత పప్పు అంటగట్టాడని. పాత పప్పు ఉడకదు, అదీ నిజమే. నానమ్మ మాత్రం మారు మాట్లాడకుండా అదే పప్పు రెండు పిడికిళ్లు తీసి, ఒకటి బోరింగు నీళ్లలో, ఒకటి చూరు కింద గంగాళంలో పట్టిన వాన నీళ్లలో పెట్టింది. పొయ్యి అదే, గిన్నెలూ ఒకే తీరువి. వాన నీళ్ల పప్పు మెత్తగా మెదిగింది. "నీళ్లది తప్పు, ఆయనది కాదు" అన్నది. మేం పిల్లలం గుడ్లప్పగించి చూశాం. బడికి పోని మనిషి, ఒక్కటే మార్చి మిగతావన్నీ అట్లనే ఉంచాలని ఆమెకు ఎవరు చెప్పారో!

సాయంత్రం నేనూ బిడ్డా అదే చేశాం. ఒక సీసాలో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఫిల్టర్ నీళ్లు, రెండింట్లో అదే సబ్బు తురుము. ఊపితే ఫిల్టర్ నీళ్లలో మూత దాకా నురగ. బిడ్డ గంతులేసింది.

ఇక్కడితో రాయడం ఆపి పడుకుందామనుకున్నా. కానీ వాసన కోసం అత్తమ్మ బీరువాలో చీరల మధ్య పెట్టిన పాత సబ్బు కాగితం గుర్తొచ్చి, లేచి చూశా. దాని మీద టాయిలెట్ సోప్, గ్రేడ్ 1, టీఎఫ్ఎం 76 శాతం అని ఉంది. టీఎఫ్ఎం అంటే సబ్బులో ఉన్న మొత్తం కొవ్వు పదార్థం. మొన్న ఆఫర్‌లో తెచ్చిన దాని మీద బాతింగ్ బార్ అని ఉంది. దానికి గ్రేడ్ ఉండదు, టీఎఫ్ఎం 40 ఉన్నా చాలు. అంటే సబ్బు నిజంగానే మారింది. అత్తమ్మ చెయ్యి ఏదో తేడా పట్టిందేమో. అయినా కాగితం మీద ఉన్నదున్నట్టు రాసే ఉంది కదా, మోసం ఎక్కడ? టీఎఫ్ఎం తక్కువైతే నురగ తక్కువే అనడానికీ లేదు, నురగ కోసం వేరే పదార్థాలూ కలుపుతారు. మా సీసాలు నీళ్ల సంగతి తేల్చాయి, సబ్బు సంగతి కాదు. పాత సబ్బునూ కొత్త సబ్బునూ ఒకే బోరు నీళ్లలో ఊపి చూడాలి.

పాతది కొనాలంటే మళ్లీ ఆ దుకాణానికే పోవాలి. రేపు అత్తమ్మనూ రమ్మంటా. రానంటే నేనే సేటుతో చెప్తా, మీ సరుకు నకిలీ కాదని. అదీ దుకాణంలో నలుగురూ ఉన్నప్పుడే.