నీళ్ళు నిలబడే వేళ

సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్ళనూ గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం వెళ్ళే రోజుల్లో, ఎదుటి రేవు కళ్ళ ముందే ఉన్నా పంటు దానివైపు తిన్నగా ఎందుకు పోదో నాకు చాలాకాలం అర్థం కాలేదు. పాటు మీద గోదావరి సముద్రంలోకి లాగుతున్నప్పుడు సరంగు పంటు ముక్కును ఎగువకు తిప్పి, ఏటవాలుగా నడిపి, చివరికి సరిగ్గా రేవులోకే చేర్చేవాడు. సియాటిల్ వచ్చిన ఎన్నో ఏళ్ళకు, మా అమ్మాయికి కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ నడపడం నేర్పే శిక్షకురాలు ‘ఫెర్రీ యాంగిల్’ అనే పాఠం చెబుతూ గాలిలో చేత్తో అదే ఏటవాలు గీత గీసినప్పుడు, ఒడ్డున నిలబడ్డ నాకు పంటు ఇంజను చప్పుడు వినిపించినట్టయింది. ఆ రాత్రి అమ్మాయికి పోటు, పాటు అనే రెండు మాటలు చెప్పాను. పోటంటే సముద్రపు నీరు ఎక్కడం, పాటంటే దిగడం. ఆదివారం తెలుగు తరగతిలో నేర్చుకున్న మాటల్ని చాలావరకు అక్కడే వదిలేసి వచ్చే పిల్ల, ఈ రెండింటినీ మాత్రం మళ్ళీ మరిచిపోలేదు. వాటితో దానికి పని పడింది మరి.

మా వారికి పీతల పులుసు మీద ఉన్న మమకారమే మమ్మల్ని నీళ్ళలోకి దింపింది. సియాటిల్‌ను ఆనుకున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో దొరికే డంజినెస్ పీత మన మండపీతంత గట్టి పెంకుది కాకపోయినా కండ తియ్యగా ఉంటుంది. అయితే పట్టిందల్లా తెచ్చుకోవడానికి వీల్లేదు. పెంకు వెడల్పు ఆరుంబావు అంగుళాలకు తగ్గకూడదు, మగది కావాలి, మనిషికి రోజుకు ఐదు. 15 ఏళ్ళు నిండని పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు గాని, ఉంచుకున్న ప్రతి పీతనూ అక్కడికక్కడే రాసుకునే కార్డు మాత్రం ఉండాలి. గుడ్డుతో ఉన్న ఆడపీతను మా అబ్బాయి జాగ్రత్తగా నీళ్ళలో వదిలేస్తున్న వీడియో చూసి మా అమ్మ రెండు రోజులు బాధపడింది.

ఇక నీటి సంగతి. మా గోదావరి మొగలో ఎంత పెద్ద పోటుకైనా ఐదడుగులకు మించిన తేడా నేను చూసిన గుర్తు లేదు. ఇక్కడ రోజు మొత్తం మీద ఎక్కువకూ తక్కువకూ తేడా సగటున 11 అడుగులు. పైగా రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు ఉన్నా అవి సమానం కావు. వేసవిలో అమావాస్య, పౌర్ణమి రోజులకు అటూ ఇటూ తెల్లవారుజామున 10 అడుగుల దగ్గరున్న నీరు మధ్యాహ్నానికి, పట్టికల్లో నీటి ఎత్తును లెక్కపెట్టే సున్నా గుర్తుకు ఇంకా 2 అడుగులు దిగువకు పోతుంది. అదే రోజు రాత్రి పాటు అందులో సగం కూడా ఉండదు. ఆ దిగడమైనా ఒకే వేగంతో జరగదు. ఆరు గంటల పాటును పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఆ తర్వాత రెండు, ఒకటి. అంటే నడిమి రెండు గంటల్లోనే సగం నీరు కదిలిపోతుంది. ఈ లెక్కను మా అమ్మాయి భిన్నాల పాఠంలా కాక, ఎప్పుడు నీళ్ళలో ఉండకూడదో చెప్పే లెక్కగా నేర్చుకుంది.

ఇదంతా ఒంటబట్టేలోగా ఒక పొరపాటు చేశాం. అమ్మాయికప్పుడు పన్నెండేళ్ళు. విడ్బీ దీవి ఉత్తరపు కొసన, డిసెప్షన్ పాస్ అనే ఇరుకు జలసంధి మీది వంతెనకు లోపలి వైపున్న కార్నెట్ బేలో ఉదయాన్నే పీతలు పట్టే బోనులు రెండు దింపి, ఒడ్డుకు వచ్చి ఉప్మా తిన్నాం. తిరిగి చూస్తే, బోను ఎక్కడుందో తెలిసేలా తాడు కొసన పైన తేలే బెండ్లు లేవు. ఎరుపు తెలుపు రంగులున్న ఆ బెండ్లను ఎవరో ఎత్తుకుపోయారని మా వారు కోపంగా కయాక్ నీళ్ళలోకి తోయబోయారు. అమ్మాయి చేతిలో పోటు పాట్ల పట్టిక ఉంది. “నాన్నా, ఇప్పుడు పాటు నడుమలో ఉంది. వెళ్తే వంతెన కిందికి పోతాం” అంది. ఆ ఇరుకులో ప్రవాహం 8 నాట్ల దాకా వెళ్తుంది, అంటే గంటకు దాదాపు 15 కిలోమీటర్లు. మా కుటుంబం ఒళ్ళు వంచి తెడ్డు వేసినా 3 నాట్లు దాటదు. నీటి చల్లదనమేమో నడి వేసవిలోనూ 10 డిగ్రీల చుట్టుపక్కలే. ఆయన కయాక్‌ను వెనక్కి లాగి, రాతి మీద కూర్చున్నారు. రెండు గంటలకు పైగా కూర్చున్నాం. పిల్లవాడికి ఆకలి, నాకు చలి, ఎవరికీ మాటల్లేవు. అప్పుడు నీళ్ళలోంచి మొదట ఎర్రటి అంచు, తర్వాత తెల్లటి సగం, ఆ పక్కన రెండోది పైకి వచ్చాయి. దొంగలెవరూ లేరు, పాటు తాడును లాగి బెండును నీటి కింద పట్టి ఉంచిందంతే.

ఆ రోజు తెలిసిన రెండో సంగతి, ఒడ్డున నీరు దిగడం ఆగే వేళా, ఇరుకులో ప్రవాహం నిలబడే వేళా ఒకటి కావని. నీటి ఎత్తుకు ఒక పట్టిక, ప్రవాహానికి వేరే పట్టిక. మొదటిది మాత్రమే చూసి బయలుదేరడం మాలాంటి కొత్తవాళ్ళు చేసే పని. మరుసటి ఏడాది నుంచి మేము పోర్ట్ సుసాన్ వైపు, కయాక్ పాయింట్ దగ్గర బోనులు వేస్తున్నాం. అక్కడి నీరు నెమ్మది. అక్కడైనా తాడును పాటు వేళ లోతుకు సరిపోయేలా కత్తిరిస్తే పోటు వచ్చాక బెండు మునిగిపోతుందని, లోతు మీద మూడో వంతు అదనంగా, బరువు కట్టి మరీ ఉంచుతాం. బెండును దిగువ నుంచి, ప్రవాహానికి ఎదురుగా సమీపించాలి. తాడును కయాక్‌కు ముడివేయకూడదు, చేతికి చుట్టుకోకూడదు. ఈ చివరి మాట నేను రోజుకు పదిసార్లు చెబుతానని పిల్లల ఫిర్యాదు.

మా నాన్నకు ఈ పట్టికలతో పని లేదు. గోడ మీది క్యాలెండర్ చూసి, “అష్టమి దాటింది కదమ్మా, ఒకటి రెండు రోజులు నీరు మెత్తగా ఉంటుంది, పిల్లల్ని తీసుకెళ్ళు” అంటారు. అమ్మాయి దాన్ని ఫోనులోని పోటు పాట్ల గీతతో పోల్చి చూసి, తాతయ్య సరిగ్గానే చెప్పారని ఒప్పుకుంటూనే, “కానీ ఇక్కడ రెండు పాట్లూ ఒకేలా ఉండవు తాతయ్యా, ఏ పాటో కూడా చూడాలి” అని దిద్దుతుంది. పెద్దవాళ్ళ మాటకు అడ్డు చెప్పకూడదని పెరిగిన నేను మొదట్లో గతుక్కుమనేదాన్ని. నాన్న మాత్రం తిథి చెప్పి, ఆ పైన అంకెలు అడిగి, రెండూ పక్కపక్కన రాసుకోవడం మొదలుపెట్టారు.

పోయిన వేసవిలో ఒక ఉదయం, ఇండియాలో రాత్రి భోజనాలయ్యాక, నాన్న వీడియోలో ఒడ్డు చూపించమన్నారు. పదేళ్ళ మా అబ్బాయి ఫోనును నీటివైపు తిప్పాడు. బెండు వెనక నీటిని చీలుస్తున్న సన్నటి గీత ఇంకా ఉంది. “పాటు అయిపోయిందిరా?” అన్నారు నాన్న. వాడు వెంటనే జవాబివ్వలేదు. కాసేపు ఆ గీతనే చూశాడు. అది సన్నబడి, తునిగి, మాయమయ్యింది. వాలి ఉన్న బెండు నిటారుగా లేచింది.

“ఇప్పుడు నిలబడ్డాయి తాతయ్యా, నీళ్ళు” అని ఫోను నా చేతిలో పెట్టి తెడ్డు అందుకున్నాడు.