ఎడమ చేతికి అమరిన కెమెరా

కోటిపల్లి రేవులో పంటు దిగుతూ పాచిపట్టిన మెట్టు మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాకే, కెమెరా కుడిచేతివాటం వారి కోసమే తయారవుతుందన్న సంగతి నాకు బోధపడింది. ఫొటో తీసే మీట, చక్రాలు, పట్టు అన్నీ కుడివైపే ఉంటాయి. 1936లో జర్మనీలో వచ్చిన కినే ఎగ్జాక్టా అనే కెమెరాకు మీట ఎడమవైపే ఉండేది గాని, ఆ పద్ధతి నిలవలేదు.

మొదట కెమెరాను తలకిందులుగా పట్టి, ఎడమ బొటనవేలితో మీట నొక్కాను. ఫొటోను తరువాత తిప్పుకోవచ్చు గాని, పది నిమిషాలకే చెయ్యి పీకేసింది.

అసలు ఉపాయం కెమెరా అడుగున ఉంది. ట్రైపాడ్ కోసం అక్కడ 1/4 అంగుళం మర రంధ్రం ఉంటుంది. అమలాపురంలో ఒక లేత్ పనివాడు, అంగుళానికి 20 మరలున్న బోల్టును టేకుపిడిలో బిగించి ఇచ్చాడు. రంధ్రం లోతు కొద్ది మిల్లీమీటర్లే కనుక, బోల్టు పొడవైతే కెమెరా అడుగు పగులుతుందని రెండుసార్లు కొలిపించాను. తీగ రిమోట్ బొత్తాన్ని సైకిల్ ట్యూబు ముక్కతో పిడికి చుట్టాను. చూపుడువేలితో సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫొటో.

జూమ్ తిప్పడానికి రెండో చెయ్యి కావాలి కాబట్టి 35 మి.మీ. స్థిర లెన్సుకే పరిమితమయ్యాను. కోరింగ మడ అడవుల్లో పక్షులకు పొడవాటి లెన్సు తప్పదు. అప్పుడు మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) కాలును నడుముకు కట్టిన తోలుసంచిలో నిలిపితే బరువు తుంటి మోస్తుంది. లెన్సు మూత మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, పళ్లతోనే తీస్తున్నాను.