అలారం పెట్టుకుని అన్నం తిన్న నెల

మా వీధిలో ఒక ఎర్ర కుక్క ఉంది. పోయిన ఏడాది దసరాకీ నాగుల చవితికీ మధ్య అది బాగా ఒళ్ళు చేసింది. అవే రోజుల్లో నేను నాలుగున్నర కిలోలు తగ్గాను. రెండింటికీ కారణం ఒకటేనని మా అమ్మకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. నాకు ముప్ఫై ఒకటి. చిన్న డీటీపీ షాపు నడుపుతాను. ఒకే పూట ఒక ఫ్లెక్సీ ఒడియాలో, ఇంకొకటి తెలుగులో కొడుతుంటాను. గంజాయి కాలేజీ హాస్టల్లో అంటుకుంది, తొమ్మిదేళ్ళు వదల్లేదు. సిగరెట్టు పొగాకులో కలిపి రోజుకు ఐదుసార్లు. మా చుట్టుపక్కల కొండల్లో ఏం పండుతుందో పేపరు చదివే ఎవరికైనా తెలుసు, ఆ సంగతి ఇక్కడ వద్దు. ఎందుకు తగ్గించాలనిపించింది అన్నదీ పెద్ద కథేం కాదు. మెట్లెక్కితే దగ్గు, నెలాఖరుకి ఖాళీ జేబు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఏం చెబుతున్నానో మర్చిపోవడం.

ఒక్కసారిగా మానేద్దామని అంతకుముందు రెండుసార్లు ప్రయత్నించి ఓడిపోయాను. అందుకని ఈసారి దసరా మర్నాటి నుంచి ఐదు రోజులకొకటి చొప్పున తగ్గించుకుంటూ వచ్చాను. ముందు పొద్దుటిది పోయింది, తర్వాత మధ్యాహ్నానిది. నిద్ర పట్టదనీ, చెమటలు పోస్తాయనీ, తెల్లవారుజామున వింత కలలు వస్తాయనీ మానేసిన వాళ్ళు ముందే చెప్పారు. అన్నీ వచ్చాయి. చిరాకు కూడా వచ్చింది. పెళ్ళి కార్డులో ఒక దీర్ఘం గురించి పాత కస్టమరుతో గొడవపడి అడ్వాన్సు తిరిగిచ్చేశాను. ఆకలి పోతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆకలి లేకపోవడం అంటే కడుపు నిండినట్టుండడం అనుకునేవాణ్ణి. అది కాదు. కడుపు ఖాళీగానే ఉంటుంది, కాళ్ళలో సత్తువ ఉండదు, అయినా కంచంలో ఉన్నది తినే వస్తువులా అనిపించదు. వేడన్నం ఆవిరి ముక్కుకు తగలగానే గొంతు మూసుకుపోయేది. ముద్ద పెట్టుకుంటే నమలడమే, మింగుడు పడదు. మూడో ముద్దకి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అమ్మ పెరట్లోకి వెళ్ళగానే మిగిలింది కాగితంలో చుట్టి కుక్కకి పెట్టేవాణ్ణి.

"ఏట్రా నాయినా, ముద్ద దిగట్లేదేటి?" అని అమ్మ రోజూ అడిగేది. మొదట దిష్టి తీసింది. తర్వాత పచ్చకామెర్లేమోనని కళ్ళ కింద రెప్పలు లాగి చూసింది. పక్కింట్లో ఒడియా ఆవిడ ఉంది, మౌసీ అని పిలుస్తాం. ఇది జబ్బు కాదు, ఎవరో అమ్మాయి వ్యవహారం అని ఆవిడ తేల్చేసింది. రక్తపరీక్ష చేయిస్తే కాలేయం బాగానే ఉందని వచ్చింది. అన్నీ తెలిసిన నేను మాత్రం నోరు విప్పలేదు.

దీపావళి నాటికి ఒక్కటే మిగిలింది, రాత్రి తొమ్మిదింటిది. ఐదు నుంచి ఒకటికి వచ్చానని గొప్పగా ఉండేది. జరుగుతున్నది వేరు. పగలంతా టీలు, సిగరెట్లు. రాత్రి మేడ మీద ఆ ఒక్కటీ కాల్చి కిందకి దిగితే రాక్షసుడిలా తిండి. అన్నం, పప్పు, మళ్ళీ పెరుగన్నం, అదయ్యాక బిస్కెట్ పేకెట్టు. అంటే నాలుగింటి పని కూడా ఆ ఒక్కదాని మీదే వేశానన్నమాట. అది లేనిదే ముద్ద దిగదు. కాబట్టి దాన్ని మానడం అంటే తిండి మానడమే అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. తగ్గించుకునేవాళ్ళు ఎక్కడ ఆగిపోతారో అడిగితే నేను ఇక్కడే అంటాను. నిద్ర దగ్గర కాదు, చిరాకు దగ్గర కాదు. మత్తు కోసం కాదు, అన్నం కోసమే కదా అనుకుంటే తప్పు చేస్తున్నట్టే ఉండదు.

నాగుల చవితి నాడు అమ్మ ఉపవాసం. ఆ రోజు ఆ ఒక్కటీ ముట్టకూడదని నేనూ పట్టుబట్టాను. పుట్టలో పాలు పోసి వచ్చాక చిమ్మిలి ఉండ ఒకటి చేతిలో పెట్టింది. నువ్వులూ బెల్లమూ కాబట్టి కాబోలు, ఎలాగో దిగింది. ఇంకేమీ దిగలేదు. "నాకంటే నువ్వే గట్టిగా ఉన్నావు ఉపాసం" అని నవ్వింది. రాత్రి పదకొండింటికి చేతులు వణుకుతుంటే మేడెక్కి కాల్చాను. రెండు కంచాలు తిన్నాను. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే మూసుకుపోయిన గొంతు. అప్పుడే శ్రీకాకుళం బస్సెక్కాలని నిర్ణయించుకున్నాను.

డాక్టరు దగ్గరికి ఇన్నాళ్ళూ వెళ్ళకపోవడానికి కారణం భయం. సరిహద్దు ఊళ్ళో ఉంటాం, చెక్‌పోస్టు దగ్గర సంచులు వెతకడం చూస్తూ పెరిగాం. డాక్టరుకి చెబితే పోలీసులకి చెబుతాడేమోనని. ఆయన మొదటి మాటే, ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది అన్నాడు. మత్తుపదార్థాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి వాడడం నేరమే. అయితే అలవాటు పడినవాడు తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు వస్తే కేసు నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ కూడా అందులోనే ఉందని చెప్పాడు. అమ్మేవాళ్ళకి అది వర్తించదు. అసలు ఊరు దాటి వెళ్ళడానికి కూడా భయపడేవాళ్ళకి 14446 అనే జాతీయ నంబరు ఉంది, మత్తు మానాలనుకునేవాళ్ళ కోసం. డబ్బులు కట్టక్కర్లేదు.

నా కథ విని ఆయన ఆశ్చర్యపోలేదు. అదే నాకు ఆశ్చర్యం. గంజాయి మానితే శరీరానికి ఏమీ కాదని మా బ్యాచంతా నమ్మేవాళ్ళం. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తెచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక రుగ్మతల పుస్తకంలో గంజాయి మానినప్పుడు వచ్చే లక్షణాలన్నిటినీ ఒక రుగ్మతగానే చేర్చారట. అందులో ఆకలి తగ్గడం, బరువు తగ్గడం కూడా ఉన్నాయి. చాలామందికి మొదటి వారంలోనే ఎక్కువగా ఉండి రెండు వారాల్లో నెమ్మదిస్తుందన్నాడు. నిద్ర సర్దుకోవడానికి మాత్రం నెల దాటవచ్చు.

కారణం కూడా చెప్పాడు. ఆకలిని రేపడానికి శరీరం తనంతట తానే కొన్ని పదార్థాలు తయారు చేసుకుంటుంది. అవి మెదడులో తమను పట్టుకునే సీబీ1 అనే గ్రాహకాలకు తగులుకుంటాయి. గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ కూడా అక్కడే తగులుకుంటుంది, ఇంకా గట్టిగా. రోజూ బయటినుంచి అంత అందుతుంటే మెదడు ఆ గ్రాహకాలను తగ్గించేసుకుంటుంది. ఇప్పుడు బయటిది బాగా తగ్గిపోయింది, లోపలిది ఉన్నా దాన్ని పట్టుకునేవి చాలడం లేదు. మానిన కొన్ని రోజుల నుంచే అవి తిరిగి పెరగడం మొదలై నాలుగు వారాలకల్లా దాదాపు మామూలుకొస్తాయట. "నీ ఆకలి పోలేదు బాబూ, దానికి చెవుడొచ్చింది" అన్నాడు. నాకా మాట నచ్చింది.

తర్వాత ఇంకో ప్రశ్న వేశాడు. వాంతులు అవుతున్నాయా, వేడినీళ్ళ స్నానం చేస్తే తగ్గుతున్నాయా అని. లేదన్నాను. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో కొందరికి అలా విపరీతమైన వాంతులు వస్తాయట, వేడినీళ్ళతో కాసేపు ఉపశమనం ఉంటుంది. అది మానడం వల్ల వచ్చేది కాదు, వాడడం వల్ల వచ్చేది. మంచినీళ్ళు కూడా నిలవకపోయినా, లేస్తే కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళమన్నాడు.

ఆ తర్వాత సిగరెట్ల లెక్క అడిగాడు. నేను సిగ్గుపడ్డది అప్పుడే. గంజాయితో కలిపి కాల్చినప్పుడు రోజుకు ఐదు సిగరెట్ల పొగాకు. ఇప్పుడు ఉత్త సిగరెట్లే పద్నాలుగు, టీలు తొమ్మిది. నికోటిన్ ఆకలిని చంపుతుంది, ఆపైన ఖాళీ కడుపున టీ. గంజాయి తగ్గించి పుణ్యం చేస్తున్నాననుకుంటూ ఇంకో చేత్తో గొంతు నొక్కుకుంటున్నాను. నిజం చెప్పాలంటే ఆకలికి మందు రాస్తాడనుకుని వెళ్ళాను. రాయలేదు.

చెప్పినవి మూడే. ఆకలి కోసం ఎదురుచూడొద్దు, గడియారం చూసి తిను, కొంచెం కొంచెంగా ఐదుసార్లు. టీ నాలుగుకి, సిగరెట్లు సగానికి దించు, తిండికి అరగంట ముందు రెండూ వద్దు. ఆ రాత్రిది మానేయడమే మేలు. ఇవాళే చేతకాకపోతే అన్నానికి ముందు మాత్రం ముట్టొద్దు, తిన్న గంట తర్వాత చూసుకో. మూడోది విని తేలికే అనుకున్నాను. అదే అన్నింటికంటే కష్టమైంది. మొదటి రాత్రి నాలుగు ముద్దలు తినడానికి నలభై నిమిషాలు పట్టింది. కానీ తిన్నాక ఆ గంటలో దాని మీద మోజు సగానికి పడిపోయింది, అన్నం సాకు పోయింది కదా. ఐదు రాత్రులు అలా గడిపాను. ఆరో రాత్రి నిద్రొచ్చేసింది, మేడెక్కలేదు. ఆ తర్వాత ఎక్కలేదు.

అమ్మకు చెప్పింది శ్రీకాకుళం నుంచి వచ్చిన సాయంత్రమే. ఏడుస్తుందనుకున్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కుక్కకి అన్నం పెట్టిన సంగతి కూడా చెప్పేసరికి నన్ను వదిలేసి కుక్కని తిట్టింది.

వేడన్నం వాసన పడకపోతే చల్లారినది పెడతాను అంది మర్నాడు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచిన చద్దన్నం, కాస్త పెరుగు, ఉల్లిపాయ ముక్క. మౌసీ వాళ్ళింట్లో దాన్నే పఖాళ అంటారు. నెల రోజులుగా గొంతు దిగని అన్నం ఆ రూపంలో జారిపోయింది. ఆవిరి లేదు, వాసన లేదు, పెద్దగా నమలక్కర్లేదు. పదకొండింటికి చోడి అంబలి, అంటే రాగి జావ, మజ్జిగ కలిపి. అది తాగే వస్తువు కాబట్టి తిండి అని గొంతుకు తెలియదు. సాయంత్రం అరటిపండు, వేరుశనగ గుళ్ళు, లేదా చిమ్మిలి. కార్తీకం కాబట్టి ఇంట్లో గుడ్డు లేదు, ఆ లోటు షాపు పక్క స్వీటు కొట్టులో ఛెనాపోడ అనే కాల్చిన పాలవిరుగుడు స్వీటు ముక్కతో తీర్చుకున్నాను. ఫోన్లో ఐదు అలారాలు. మోగితే చేతిలో పనున్నా వదిలి తినాలి. బరువు వారానికొకసారే, మెడికల్ షాపు మెషిన్ మీద. రోజూ చూసుకుంటే గుండె జారిపోతుంది.

తిన్నాను కానీ ఆకలితో కాదు, డ్యూటీలా. కార్తీక పున్నమి తెల్లవారుజామున మౌసీ వాళ్ళు అరటిదొప్పల పడవలు వదలడానికి మహేంద్రతనయ నది ఒడ్డుకి వెళ్ళారు. ఆ మర్నాడు ఛాడఖాయి. ఒడియా వాళ్ళకి పున్నమితో కార్తీకం అయిపోతుంది, నెలంతా నోరు కట్టుకున్న వీధి ఒక్కసారిగా చేపలూ మాంసమూ వండుతుంది. మాకేమో అమావాస్య దాకా ఇంకా పదిహేను రోజులు. ఊళ్ళో ప్రతి ఏడూ ఈ పదిహేను రోజులు తెలుగు పిల్లలకి నరకం. నాకు మామూలుగా ఆ మసాలా వాసనకి ప్రాణం లేచొచ్చేది. ఆ రోజు గుమ్మంలో నిలబడి పీల్చి చూశాను. కడుపులో తిప్పలేదు, అదొక్కటే లాభం. నోరూరలేదు. ఆ రాత్రి కాస్త భయపడ్డాను, ఇక ఇంతేనేమోనని. అలారం మోగింది, చద్దన్నం తిన్నాను.

పోలి పాడ్యమి నాడు అమ్మతో దీపాలు వదలడానికి నదికి వెళ్ళాను. చలి, చీకటి, ఆడవాళ్ళ మధ్య నేనొక్కణ్ణే దొప్పలు మోసే కూలీని. తిరిగొస్తుంటే తెల్లారింది. బజారు మొదట్లో బండి మీద బరాలు, అంటే ఒడియా గారెలు, వేస్తున్నారు. అమ్మ ఏదో చెబుతూ ముందు నడుస్తోంది. నేను బండి దగ్గర ఆగాను, వాటి మీద ఘుగునీ, అంటే బఠాణీ కూర, పోయించుకున్నాను. రెండు తిన్నాక గానీ అమ్మ వెనక్కి తిరగలేదు. నాలుగోది అడుగుతుంటే వచ్చి నా పక్కన నిలబడింది, ఏమీ అనలేదు. దేవుడి దగ్గర దీపం పెట్టలేదింకా, తను తినదు.

జేబులో ఎనిమిదింటి అలారం మోగడం మొదలెట్టింది. చేయి ఎంగిలి, ఆపడానికి లేదు. అమ్మే నా జేబులో చేయిపెట్టి ఫోన్ తీసింది, ఎక్కడ నొక్కాలో తెలియక అటూ ఇటూ తిప్పుతూ నిలబడింది.