జారుడు కాయితం

మన స్కూలు బ్యాచ్ కలిసే రోజుకి సంచిక వేస్తా ఉండే కమిటీ వాళ్ళు మూడుసార్లు అడిగినారు. మొదట "మన రోజుల గురించి ఏదైనా రాయి" అని, తర్వాత "రెండు పేజీలు చాలు" అని, మూడోసారి మైకు గాడు ఫోన్ చేసి "రేయ్, సంచిక అచ్చేసేదే నువ్వు, నీ వ్యాసం లేదంటే నవ్వుతారు" అన్నాడు. వాడి గొంతు అట్లే ఉంది. ఫోన్ లేకపోయినా తిరుపతి లీలామహల్ సర్కిల్ దాకా వినిపించేది అప్పట్లోనే.

ఏం రాయాలో మాత్రం ఎవరూ చెప్పరు. బావి సంగతి కవలలు రాస్తారంట, ఎర్రబస్సు సంగతి డబుల్ రమణకి ఇచ్చేసినారు, హెడ్మాస్టరు గారి సైకిల్ గురించి ఎవరు రాసినా కమిటీ కట్ చేస్తుంది, అది అందరికీ తెలుసు. నాకు మిగిలింది బొమ్మలైవోరు, మన డ్రాయింగ్ సారు. మిగిలింది అనేది కూడా తప్పే, నాకు గట్టిగా గుర్తుండేదే ఆయన ఒక్కరు. ఎనిమిదిలో ఏం చదివినామంటే తెల్లమొహం వేస్తాను, తొమ్మిదో తరగతి మొత్తం ఎక్కడికి పోయిందో తెలీదు. శనివారం ఆఖరి పీరియడ్ మాత్రం నిన్న జరిగినట్టు ఉంటుంది, ఆ చేతిగుడ్డలో పొడుం వాసనతో సహా. మీలో ఎంతమంది తుమ్మినారో నేను చెప్పను.

ఆ చేతిగుడ్డ మన కళ్ళకి కట్టేవారు కదా, కట్టి, బల్ల మీద అయిదు కాయితాలు వరసగా పెట్టి, బొటనవేలితో రుద్ది చెప్పమనేవారు. న్యూస్‌ప్రింటు, నోట్‌బుక్కు కాయితం, చార్టు, డ్రాయింగ్ షీటు, అయిదోది ఎవరిదో పెండ్లిపత్రిక. "చూసి చెప్పేది ఎవడైనా చెప్తాడురా, కాయితానికి పట్టు ఉండాదా లేదా, అది చెప్పు" అనేవారు. గంటగాడు ప్రతిసారీ పెండ్లిపత్రికనే ఫస్ట్ అనేవాడు, మందంగా ఉందని. సారు వాడి నెత్తిన ఒకటి వేసి, "మందం వేరే, పట్టు వేరేరా అడ్డగాడిదా" అనేవారు. ఆ మాట విలువ నాకు పదిహేనేళ్ళ తర్వాత, కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చుమెషీను ముందు నిలబడినాక తెలిసింది.

ఇప్పుడు మా ప్రెస్‌కి వచ్చే పిల్లకాయల్లో సగం మందికి ఇదే తికమక. "అంకుల్, కలర్ పెన్సిల్‌కి మూడొందల జీఎస్ఎం కావాలి" అంటారు, యూట్యూబ్‌లో ఎవరో చెప్పినారని. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాయితం ఎన్ని గ్రాములు తూగుతుందనేదే, అంతకుమించి అందులో ఏం లేదు. మూడొందల జీఎస్ఎం ఆర్ట్ కార్డు నా దగ్గర కట్టలు కట్టలుగా ఉంది, పెండ్లిపత్రికలకి వేసేది, మీద తెల్లమట్టి పూత, అద్దం మాదిరి మెరుస్తుంది. దాని మీద కలర్ పెన్సిల్ పెట్టండి, రెండో పొరకే జారడం మొదలెడుతుంది. బరువు ఎంతుంటే ఏం లాభం? బరువు కూడా కావాల్సిందే, కాదనను, జెరాక్సు కాయితం డెబ్భైయో డెబ్భై అయిదో ఉంటుంది, గట్టిగా నొక్కితే గాడి పడిపోతుంది, ఆ గాడి మీద తర్వాత ఎంత రుద్దినా తెల్లగీత కనిపిస్తానే ఉంటుంది. కానీ ముందు పట్టు, తర్వాత బరువు. దీన్నే ఇంగ్లీషులో టూత్ అంటారంట, పన్ను. కాయితానికి పళ్ళుంటాయి, అవి పెన్సిల్ రంగుని కొరికి పట్టుకుంటాయి. సారుకి ఈ మాట తెలిసుంటే దీని మీద పీరియడ్ మొత్తం నడిపేవారు.

కువైట్ డబ్బా రోజు గుర్తుందా? గుర్తులేకుండా ఎట్లా. నలభై ఎనిమిది రంగులు, రేకు డబ్బా, మూత తీస్తే క్లాసంతా లేచి నిలబడినాము. నా దగ్గర పన్నెండు రంగుల కామ్లిన్, అందులో పచ్చ సగానికి విరిగింది. సారు కువైట్ గాడిని పిలిచి, వాడి ఎర్ర పెన్సిల్‌తో వాడి నోట్‌బుక్కు కాయితం మీదే ఒక టొమేటా వేయమన్నారు. నన్ను పిలిచి, నా ఎర్రతో ఆయన ఇచ్చిన షీటు మీద వేయమన్నారు. వాడు వేసి వేసి నాలుగో పొరకి కాయితం పీచు లేచింది, అయిదుకి బొక్క పడింది. నాది ఎంత వేసినా ఇంకా తాగతా ఉంది. మొదటి పొర వేసినప్పుడు మధ్యమధ్యన తెల్లచుక్కలు, బొరుగులు చల్లినట్టు, అవి చూసి నాకు భయం వేసింది. "ఆ చుక్కలు ఉండాల్ల, అవే పట్టు, వాటిల్లోకే తర్వాతి పొర పోతాది" అన్నారు. పసుపు పైన నారింజ, దానిపైన ఎర్ర, నీడకి కొంచెం ఊదా. ఆఖర్న నా డబ్బాలోంచి తెల్ల పెన్సిల్ తీసి ఇచ్చినారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ వయసులో ఏ డబ్బాలో చూసినా తెల్ల పెన్సిల్ కొత్తది కొత్తట్లే ఉండేది, మిగతావన్నీ వేలెడు వేలెడు అయిపోయినా సరే, అది దేనికి ఇస్తారో కూడా మనకి తెలీదు. సారు దాన్ని టొమేటా మీద గట్టిగా నొక్కి రుద్దమన్నారు. చుక్కలన్నీ పూడిపోయి, రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, కాయ నున్నగా మెరిసింది. దాన్ని బర్నిషింగ్ అంటారని నాకు తెలిసింది నలభై దాటినాక. ఆ రోజు క్లాసులో మాత్రం కువైట్ గాడు ఏడ్చినాడు, సారు వాడికి కూడా ఒక షీటు ఇచ్చి, "మీ నాయనకి జాబు రాయి, ఈసారి వచ్చేప్పుడు కాయితం తెమ్మని" అన్నారు. వాళ్ళ నాయన నిజంగానే తెచ్చినాడు, గోధుమరంగు కాయితం, దాని మీద తెల్ల పెన్సిల్ వేస్తే దీపం వెలిగినట్టు ఉండేది.

సరే, నా సంగతికి వస్తాను. పదో తరగతిలో చిత్తూరులో జిల్లా పోటీ. షీటు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, అక్కడ మూలన సీలు వేసి ఇస్తారు. మా అమ్మ చెనిక్కాయల డబ్బాలోంచి పది రూపాయలు తీసిచ్చింది. నేను గాంధీ రోడ్డుకి పోయి అంగట్లో "అన్నిటికన్నా ఖరీదైనది ఇయ్యండి" అన్నాను. ఆయన ఇచ్చినాడు, ఆయన తప్పేం లేదు, నేనే అట్లా అడిగినాను. తెల్లగా, నున్నగా, ముఖం కనిపించే ఆర్ట్ పేపరు. మూడేళ్ళు కళ్ళకి గంతలు కట్టుకుని బొటనవేలితో రుద్దినోడిని, అంగట్లో నిలబడేసరికి కళ్ళతో కొన్నాను.

బస్సులో సారు పక్కనే కూర్చున్నారు. చంద్రగిరి దాటింది, పాకాల దాటింది, నేను ఆ చుట్టని ఒళ్ళో పెట్టుకుని ఎవరి చెయ్యీ తగలనీయలేదు. పూతలపట్టు దాటినాక "యాదీ, చూపీ" అన్నారు. విప్పినాను. బొటనవేలు పెట్టినారు, ఒక్కసారే. తిట్టలేదు. "జారుడు కాయితం" అని, కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చున్నారు. నాకు కడుపులో దేవినట్టయింది, చిత్తూరు బస్టాండు వచ్చిందాకా మాట్లాడలేదు ఇద్దరమూ.

దిగినాక ఆయన గొడుగు సంచిలోంచి పాత పంచె చుట్టిన ఒక షీటు తీసినారు. చేతితో చేసిన కాయితం, పాండిచ్చేరి ఆశ్రమం వాళ్ళది, అంచులు కత్తిరించినట్టు కాకుండా పీచు పీచుగా, వేలు పెడితే వేపాకు వెనక పక్క తగిలినట్టు సన్నని గరుకు. చెక్కగుజ్జు కాయితం కాదది, నూలు గుడ్డ పీలికలది. ఎన్నాళ్ళుగా దాచుకున్నారో. "రెండు పక్కలా రుద్ది చూడు, ఏ పక్కన వేయాల్నో నువ్వే చెప్పు" అన్నారు, అక్కడ కూడా పరీక్షే!

కాళహస్తిలో సారు వాళ్ళ ఇంట్లో కలంకారీ పని ఉండేదని మీకందరికీ తెలుసు, ఎన్నిసార్లు చెప్పలేదు. గుడ్డని ముందు కరక్కాయ, ఎనుము పాలు కలిపినదాంట్లో నానబెట్టి ఆరబెట్టాల్ల, అట్లా చేయకుండా కలం పెడితే, బెల్లమూ తుప్పుఇనుమూ ఊరబెట్టిన ఆ నల్లరంగు గుడ్డలోకి పారిపోతుంది, గీత గీతగా నిలవదు. పాలలో వెన్న దాన్ని ఆపుతుంది. "మా తాత బొమ్మ వేసేదానికన్నా గుడ్డని తయారుచేసేదానికే ఎక్కువ రోజులు పట్టేది" అని చెప్పేవారు. అప్పుడు మనం వాచీ చూసుకుంటా ఉంటిమి.

పోటీలో నాకు ప్రైజు రాలేదు. కారణం ఇప్పుడు చెప్తాను, ముప్ఫై అయిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఆ కాయితం ముందు కూర్చుని నలభై నిమిషాలు పెన్సిల్ పెట్టలేకపోయినాను. అంత మంచి కాయితం మీద నేనేందిరా గీసేది అనిపించింది. చంద్రగిరి రాజమహల్ వేద్దామనుకున్నాను, మనం ఎక్స్‌కర్షన్‌కి పోయినప్పుడు చెక్క ముక్క లేకుండా కట్టినారని గైడు పదిసార్లు చెప్పింది, మూడంతస్తులూ పైన గోపురాలూ. గంట కొట్టేసరికి రెండంతస్తులు అయినాయి. మూడోదానికి గీతలు మాత్రమే. సారు చూసి, "సున్నం రంగు బాగా పట్టినావు" అన్నారు. తిరిగి వచ్చేప్పుడు బస్టాండులో మసాలా బొరుగులు కొనిచ్చినారు, అంతే.

ఆ బొమ్మ ఇంకా నా దగ్గర ఉంది. కాయితం తెల్లగానే ఉంది ఇప్పటికీ. అదే ఏడాది చార్టు మీద వేసిన నెమలి, మీరంతా గోడకి అంటించి చప్పట్లు కొట్టింది, కాల్చిన అప్పడం రంగుకి వచ్చి అంచులు విరిగిపోతా ఉంది. చెక్కగుజ్జులో లిగ్నిన్ అని ఒకటి ఉంటుంది, వెలుతురు తగిలితే పచ్చబడుతుంది. కాయితం కొనేటప్పుడు అనుమానముంటే ఒక ముక్కని సగం పుస్తకం కింద, సగం ఎండలో కిటికీ దగ్గర పెట్టి కొన్ని వారాలు వదిలేయండి, అదే చెప్తుంది.

తర్వాత జీవితం మీకు తెలిసిందే. కాలేజీ సరిగ్గా సాగలేదు, మామ ప్రెస్‌లో చేరినాను, ట్రెడిల్ తొక్కి తొక్కి కుడికాలు లావెక్కింది, శివకాశి నుంచి కార్డులు తెచ్చి పేర్లు వేసేది. ఇప్పుడు నాలుగు రంగుల ఆఫ్‌సెట్ అచ్చుమెషీను ఉంది, సొంతానిది, లోను తీరిపోయింది. రాత్రి ఎనిమిదికి షట్టరు దించినాక వెనక గదిలో కూర్చుని కలర్ పెన్సిల్‌తో ముఖాలు వేస్తాను. పాత ఫోటోలు తెచ్చిస్తారు, పోయిన తల్లిదండ్రులవి. మన బ్యాచ్‌లో ఆరుగురి ఇళ్ళల్లో గోడకి ఉన్నాయి, పేర్లు చెప్పను, ఒకరు ఇంకా డబ్బు ఇవ్వలేదు.

ముఖాలకి హాట్‌ప్రెస్ వాడతాను, వేడి రోలర్ల కింద నొక్కేది, నున్నగా ఉంటుంది కానీ జారుడు కాదు, పూర్తి కాటన్‌ది అయితే పది పన్నెండు పొరలు కూడా మోస్తుంది. చర్మం ముడతలకి అదే మేలు. కొండలు, చెట్లు, తిరుమల కొండ మీద మబ్బు ఇట్లాంటివైతే కొంచెం గరుకుండే కోల్డ్‌ప్రెస్ పర్వాలేదు, తెల్లచుక్కలే మంచుగా పనికొస్తాయి. ముసలోళ్ళ ముఖం గరుకు కాయితం మీద వేస్తే మాత్రం ఎవరికైనా అమ్మవారు పోసినట్టు కనిపిస్తుంది, ఒకసారి వేసి తిట్లు తిన్నాను. కాన్సన్ కంపెనీ వాళ్ళ మి-టెయింట్స్ (Mi-Teintes) అని రంగు కాయితం ఒకటి ఉంది, ఒకపక్క తేనెపట్టు మాదిరి గళ్ళు, ఇంకోపక్క సన్నం. పెన్సిల్‌కి సన్నం పక్కే. తెలీక గళ్ళ పక్క వేసి కాయితాన్ని తిట్టేవాళ్ళని చూసినాను. ఇంకోటి, మన ఊరి మే నెలలో మైనం పెన్సిళ్ళు మెత్తబడతాయి, ఒక్క గీతకే బండెడు రంగు దిగుతుంది, గరుకు తొందరగా పూడిపోతుంది. అందుకే ఎండాకాలం పొద్దున్నే వేస్తాను, చేతి కింద ఒక తెల్లకాయితం పెట్టుకుని, చెమట తగలకుండా. షీట్లన్నీ ఒకేసారి కొనొద్దండి, ఒకటి కొని నాలుగు ముక్కలు చేసి మీ పెన్సిళ్ళే రుద్ది చూడండి.

సారు ఒకసారి మా ప్రెస్‌కి వచ్చినారు, మనవరాలి పెండ్లిపత్రికకి. నన్ను గుర్తుపట్టలేదు, కంటిచూపు తగ్గింది. శాంపిల్ ఆల్బం ముందు పెట్టినాను. ఒక్కో కార్డు మీద బొటనవేలు పెట్టుకుంటా పోయినారు, "జారుడు, జారుడు, ఇదీ జారుడే" అని. అప్పుడు నేను లోపలికి పోయి నా హాట్‌ప్రెస్ ముక్క ఒకటి తెచ్చి ఆయన వేలి కింద పెట్టినాను. కొంచెంసేపు రుద్దినారు. తిరగేసి అవతలి పక్క కూడా. "ఇది ఎక్కడిదిరా?" అన్నారు, రా అన్నారు, అప్పటిదాకా ఏవండీ అంటున్న మనిషి. సారు పోయి రెండేళ్ళు.

ఇంక పంచాయితీ సంగతి. సంచిక మొత్తం ఆర్ట్ పేపర్ మీద మెరవాలని కమిటీ తీర్మానం, గంటగాడు ప్రతిపాదించినాడంట, వీడు ఇంకా పెండ్లిపత్రిక దగ్గరే ఉన్నాడు. ఫోటోల పేజీలు సరే, వాటికి ఆర్ట్ పేపరే కరెక్టు, ఫోటో అచ్చులో ఉండే సన్నచుక్కలు దాని మీద నిలబడినట్టు దేని మీదా నిలబడవు. రాత పేజీలకి మ్యాప్‌లితో అనే పూత లేని కాయితం వేసినాను, కమిటీకి చెప్పలేదు, బిల్లు తగ్గినాక ఎట్లాగూ ఎవరూ అడగరు. మధ్యలో కుట్టు దగ్గర ఒక ఖాళీ కాయితం ఉంటుంది, పేజీ నెంబరు లేనిది. అచ్చుతప్పు అనుకుని చింపేయొద్దు. కలిసే రోజు కలర్ పెన్సిళ్ళు నేను తెస్తాను, కువైట్ డబ్బా ఉంటే అదీ తెండి. రెండు పక్కలా బొటనవేలు పెట్టి చూడండి, ఏ పక్కనో నేను చెప్పను.