అత్త గంటెలు పెట్టుకునే ఫిరంగి తొడుగు

దేవరకొండ బస్సు కోసం ఎంజీబీఎస్‌లో గంట నిలబడ్డాను. ఎక్కాక మాల్ అనే ఊరి దాకా మళ్లీ నిలబడ్డాను. బస్సులో సగానికి పైగా ఆడవాళ్ల ఉచిత ప్రయాణం జీరో టికెట్లే. డబ్బులిచ్చి టికెట్ కొన్నవాడు మాత్రం కడ్డీ పట్టుకుని వేలాడాలి. ఇది ఒట్టి అక్కసేనని తెలుసు, మా అమ్మ కూడా అలాగే తిరుగుతుంది. అయినా మోకాళ్లు లాగుతుంటే న్యాయం ఎక్కడ గుర్తొస్తుంది? మల్లేపల్లిలో దిగితే ఆటోవాడు అత్త వాళ్ల ఊరికి రెండొందలన్నాడు. పోయినసారి నూట ఇరవై. "పెట్రోల్ రేటు చూడుండ్రి సార్" అన్నాడు. వాడిది డీజిల్ బండి.

మా మేనత్తకు డెబ్బై అయిదు దాటాయి. కాళ్లు కడుక్కుని కూర్చునేసరికి పళ్లెంలో అన్నం, పచ్చిపులుసు. పప్పు వడ్డించడానికి పొయ్యి పక్కనున్న ఇత్తడి పాత్రలోంచి గంటె లాగింది. ఆ పాత్రను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ రోజే సరిగ్గా చూశాను.

జానెడున్నర ఎత్తు. కింద సగం గుమ్మడికాయ గాళ్లలాగా నిలువు నొక్కులు. పైన ఒక తీగ, ఆకులు, ఒక పువ్వు. పువ్వు రేకుల్లో చివరి రెండూ చిన్నగా ఇరుక్కుని ఉన్నాయి, చెక్కినవాడికి చోటు చాలనట్టు. గంటెలన్నీ బయట పెట్టి బోర్లించాను. అడుగున నడిమధ్య మరతో బిగించిన బిళ్ల. దాని చుట్టూ ‘18 పి.ఆర్.’, 1916, కాకి కాలు లాంటి మూడు గీతలు.

"గదా? మా మామ వాళ్ల నాయిన తెచ్చిండట. నిజాం గుర్రాల దళంల ఉండెటోడు. సముద్రం దాటిపోయిండట, ఏ దేశమో నాకేం తెలుసు బిడ్డా" అంది అత్త.

ఫోన్‌లో సిగ్నల్ కోసం డాబా ఎక్కాల్సి వచ్చింది. అది మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు వాడిన 18 పౌండ్ల ఫిరంగి గుండు తొడుగు. కాకి కాలు సర్కారు సొమ్మన్న ముద్ర. కాల్చాక తొడుగుల్ని వెనక్కి పంపితే మళ్లీ మందు కూరి వాడేవారట. అలా పోకుండా చేతికి చిక్కినవాటిని వేడిచేసి మెత్తబరిచి, నలగకుండా లోపల తారో సీసమో పోసి, పైనుంచి సుత్తితో పూలు కొట్టేవారు. సిపాయిలే కాదు, ఊళ్లలో పనివాళ్లు కూడా చేసి అమ్మేవారు. హైదరాబాద్ అశ్వికదళం ఈజిప్టు, పాలస్తీనా వైపు వెళ్లింది. ఢిల్లీ తీన్ మూర్తి స్మారకం దగ్గర విగ్రహాలై నిలబడ్డ ముగ్గురు సిపాయిల్లో ఒకడు మన హైదరాబాద్ వాడే, మిగతా ఇద్దరు జోధ్‌పూర్, మైసూర్ వాళ్లు. తాత ఆ పువ్వు చెక్కాడో, ఏ బజార్లోనో బేరమాడి కొన్నాడో అత్తకు తెలియదు.

"మొన్న పాత సామాన్ల బండోడు అడిగిండు. ప్లాస్టిక్ కుర్చీ ఇస్తనన్నడు" అంది, ఇంకో గంటె పప్పు వేస్తూ.

నాకు ముద్ద దిగలేదు. ఎప్పుడో ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో చేసిన కుర్చీ ఒకటి ఫొటోలో చూశాను. అక్కడ 1977 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం. తర్వాత 1995లో చర్చివాళ్లు ఒక పథకం పెట్టారు: తుపాకులు తెచ్చివ్వండి, కుట్టు మిషన్లు, సైకిళ్లు, పనిముట్లు తీసుకెళ్లండి. ఆ తుపాకుల్ని ముక్కలు చేసి కళాకారులకిచ్చారు. కెస్టర్ అనే ఆయన 2001లో వాటితో ఒక సింహాసనం చేశాడు. ఇప్పుడది లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. వీపు ఆనే చోట పైన రెండు తుపాకీ మడమలు, వాటి మరల రంధ్రాలు కళ్లలాగా, మొహాల్లాగా కనిపిస్తాయి. అక్కడ తుపాకీ ఇచ్చి సైకిల్ తెచ్చుకున్నారు, తుపాకీ కుర్చీ అయింది. ఇక్కడ ఫిరంగి తొడుగిచ్చి నీల్‌కమల్ లాంటి కుర్చీ. బేరం ఒకటే, మనకు మాత్రం తూకం రాయి తప్ప ఇంకోటి తెలియదు. ఇలా అనుకుంటున్న నేనే మరుక్షణం దాన్ని కూకట్‌పల్లి ఫ్లాట్‌లో టీవీ పక్కన పెట్టుకుంటే ఎలా ఉంటుందా అని ఆలోచించాను, అది వేరే సంగతి.

"అత్తా, ఇది నేను తీసుకుపోనా?"

"తీస్కపో. మరి గంటెలు దేంట్ల పెట్టాలె?"

"స్టీల్ స్టాండ్ కొనిస్తా."

"అది ఒరుగుతది. ఇది ఒరగదు" అంది. నిజమే, అడుగు బరువు. ఫిరంగి పేలుడుకు తట్టుకునేలా చేసింది మరి. ఇంక అడగలేదు.

పొద్దున బండోడు మైకు పెట్టుకుని మళ్లీ వచ్చాడు. అత్త లోపలికి పోయి, కాలిపోయిన బోరు మోటారు రాగి తీగ మూట తెచ్చి తూకానికి పెట్టింది. ఎర్ర కుర్చీ దిగింది. బస్సు టైం దాకా కూర్చోమని నాకే వేసింది. ఒక కాలు పొట్టి. గోడకు ఆనించుకుని కూర్చుని చాయ్ తాగాను.